చేతులు తయారు చేస్తానంటోంది, ఏ కోర్సులో వెయ్యాలి?

శ్రీకాకుళం నుంచి ఒక అమ్మగారు రాశారు. పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, స్కూల్లో వాలీబాల్ ఆడేది. ఈమధ్య ఫోన్లో ఒక చెయ్యి లేని అమ్మాయి కృత్రిమ చెయ్యి లాంటిదేదో తగిలించుకుని బాల్ ఆడే వీడియో చూసి, అప్పట్నుంచి "నేను ఇవే తయారుచేస్తా" అని కూర్చుందట, వాళ్ళ నాన్నగారేమో కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వద్దంటున్నారట. దీనికంటూ కోర్సు ఉందా, ఉద్యోగం వస్తుందా, ఆడపిల్లని ఎంత దూరం పంపాలి, ఇవీ ఆవిడ ప్రశ్నలు.

కోర్సు ఉందమ్మా. ఉద్యోగం కూడా ఉంది, కాకపోతే పాప ఊహించుకుంటున్నది, అక్కడ రోజూ చేసేది ఒకటి కాదు, ముందు ఆ సంగతి చెప్తాను.

ఆటలకి వాడే ఈ పరికరాలు చాలావరకు చెయ్యిలాగే ఉండవు. అమెరికాలో కొలరాడోలో బౌల్డర్ అనే ఊళ్ళో టీఆర్ఎస్ అని ఒక కంపెనీ ఉంది, యాక్సిడెంట్లో చెయ్యి పోయిన బాబ్ రాడోసీ అనే ఆయన 1979లో పెట్టాడు, ఇప్పుడది ఫిల్లావర్ అనే ఇంకో కంపెనీ చేతిలో ఉంది. వాళ్ళు వాలీబాల్ లాంటి ఆటలకి చేసేది మెత్తగా వంగే రబ్బరు లాంటి పంజా, బాల్ తగిలితే వంగి మళ్ళీ ఎగదన్నుతుంది, బేస్‌బాల్ క్యాచ్ పట్టడానికైతే వలసంచి లాంటిది, బాస్కెట్‌బాల్‌కి ఇంకోటి. మోటారు లేదు, బ్యాటరీ లేదు. మరి సినిమాల్లో చూపించే రోబో చెయ్యి ఎందుకు పెట్టరు అంటే అది బరువు, వేళ్ళు ముడుచుకునేలోపు బాల్ వెళ్ళిపోతుంది, పైగా చెమటకి, దెబ్బలకి మోటార్లు నిలవవు. ఇవైతే మణికట్టు దగ్గర మరతో బిగించేవి, ఆట అయ్యాక విప్పేసి మామూలు కొక్కెమో చెయ్యో బిగించుకుంటారు.

అసలు కష్టమంతా దానికి పైన, సాకెట్ దగ్గర. మిగిలిన చేతి మీద తొడిగే గొట్టం అన్నమాట. బాల్ దెబ్బంతా చివరికి పడేది అక్కడే, వదులైతే తిరిగిపోతుంది, బిగుతైతే చర్మం ఒరుసుకుని పుండవుతుంది, మీ సముద్రపు గాలిలో ఆ చెమటకి ఇంకా ఇబ్బంది, చిన్నపిల్లలైతే పెరిగేకొద్దీ మళ్ళీ కొత్తది చెయ్యాలి. ప్లాస్టర్‌తో కొలత తీసుకోవడం, అచ్చు పొయ్యడం, చెక్కడం, తొడిగి చూడడం, "ఇక్కడ నొప్పి" అంటే మళ్ళీ చెక్కడం, ఈ పని చేసేవాళ్ళే ప్రొస్తెటిస్టులు. మన దేశంలో వాళ్ళ దగ్గరకొచ్చేవి ఎక్కువగా కాళ్ళు, షుగర్ వల్ల తీసేసినవి, రోడ్డు యాక్సిడెంట్లవి, ఇంకా పిల్లల కాళ్ళకి ఊతంగా తొడిగే క్యాలిపర్లు, నడుం బెల్టులు. చేతులు తక్కువ, ఆటల చేతులు మరీ తక్కువ. ఒక్క బాల్ ఆడే చేతుల కోసమే జీతమిచ్చి పెట్టుకునేవాళ్ళు ఇక్కడ దొరకడం కష్టం. అమెరికాలోనే ఇన్సూరెన్స్ వాళ్ళు ఆటల చెయ్యి అవసరం కాదు పొమ్మంటుంటే, మెయిన్ అనే రాష్ట్రం పిల్లల కోసం 2022లో చట్టమే తేవాల్సొచ్చింది.

ఇది విన్నాక కూడా పాపకి ఇష్టమైతే బీపీఓ చదవాలి. కాల్ సెంటర్ కాదండోయ్, బ్యాచిలర్ ఆఫ్ ప్రొస్తెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్, అంటే కృత్రిమ కాళ్ళూ చేతులూ, ఊతంగా తొడిగే క్యాలిపర్ల లాంటివీ చేసే చదువు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ళు, బైపీసీ వాళ్ళే కాదు ఎంపీసీ వాళ్ళూ చేరొచ్చు, చదివాక రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కేంద్ర ప్రభుత్వ సంస్థలు కటక్ దగ్గర ఒలత్‌పూర్, కోల్‌కతా, ఢిల్లీలో ఉన్నాయి, వాటికి కామన్ ఎంట్రన్స్ ఉంటుంది, ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్ ర్యాంకు పనిచెయ్యదు, రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి. బెంగళూరులో మొబిలిటీ ఇండియా, వెల్లూరులో సీఎంసీ కూడా ఉన్నాయి. దూరం అంటారా, మీ ఆమదాలవలస స్టేషన్లో ఎక్కితే అదే లైన్లో కటక్, నిజానికి మీకు హైదరాబాద్ కంటే అదే దగ్గర.

మనుషుల్ని ముట్టుకుని చేసే పని కంటే డిజైన్, మెషీన్లు ఇష్టమంటే మాత్రం ఇంజినీరింగే మేలు, కానీ కంప్యూటర్ సైన్స్ కాదు, మెకానికల్ గానీ బయోమెడికల్ గానీ. లాస్‌వేగాస్‌లో నెవాడా యూనివర్సిటీ ఇంజినీరింగ్ వాళ్ళు హేలీ డాసన్ అనే పాపకి త్రీడీ ప్రింటర్‌తో చెయ్యి చేసిచ్చారు, ఆ చెయ్యితో ఆ పాప 2018 కల్లా అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ 30 టీముల స్టేడియాల్లోనూ, ఆట మొదలయ్యేముందు లాంఛనంగా వేసే మొదటి బాల్ విసిరింది. మణికట్టు వంచితే దారాలు లాగి వేళ్ళు ముడుచుకుంటాయి, అంతే. ఆ పాపకి మణికట్టు ఉంది కాబట్టి సరిపోయింది, మోచేతి దగ్గర పోయినవాళ్ళకి ఆ డిజైన్ పనికిరాదు, అంటే ఒక్కో మనిషికి ఒక్కో లెక్క. మన దగ్గర ఐఐటీ మద్రాస్‌లో వికలాంగులకి పరికరాలు డిజైన్ చేసే ఆర్‌టూడీటూ అనే సెంటర్ ఉంది, కదమ్ అనే కృత్రిమ మోకాలు అక్కడిదే. హైదరాబాద్‌లో మేకర్స్ హైవ్ వాళ్ళు కల్ఆర్మ్ అనే బయోనిక్ చెయ్యి, అంటే మోటారుతో కదిలేది చేశారు.

ఇంకో మాట పాపకి చెప్పండి. పరికరం అందరికీ కావాలని లేదు. పుట్టుకతో కుడిచెయ్యి లేని జిమ్ అబాట్ ఏ చెయ్యీ తగిలించుకోకుండానే అమెరికాలో యాంకీస్ అనే బేస్‌బాల్ టీముకి బౌలింగ్ చేసి 1993లో ఒక మ్యాచ్‌లో అవతలివాళ్ళకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. చేతులు చేయించుకుని అలమరలో పడేసే పిల్లలు చాలామంది ఉంటారు. నువ్వు చేసింది వాళ్ళు వద్దంటే కోపం తెచ్చుకోకుండా ఎందుకు వద్దో అడగగలవా, అది చూసుకోమనండి.

నాన్నగారితో గొడవ పెట్టుకోకండి, ఎంసెట్ రాయనివ్వండి, ఆ బీపీఓ ఎంట్రన్స్‌కి కూడా అప్లై చెయ్యండి, రెండూ రాస్తే పోయేదేం లేదు. ఈలోపు పరీక్షలయ్యాక విశాఖలో కృత్రిమ కాళ్ళూ చేతులూ చేసే ఏదైనా లింబ్ సెంటర్‌కి ఫోన్ చేసి అడిగి, ఒక పూట పాపని అక్కడ కూర్చోబెట్టండి, వీలైతే ఆయన్ని కూడా తీసుకెళ్ళండి.