తుంటి ఆపరేషన్ తర్వాత గ్రాబర్ వాడబోతున్న చెల్లెలికి

చి.ల.సౌ. చెల్లెలికి అక్క ఆశీస్సులు.

నీ తుంటి కీలు మార్పిడి ఆపరేషన్ బాగా జరిగిందని, వాకర్ పట్టుకుని వార్డులో నాలుగడుగులు కూడా వేశావని మరిదిగారు చెప్పారు. మనసు కుదుటపడింది. ఇంటికి వెళ్ళేలోపు ఒక గ్రాబర్, అంటే వంగకుండా వస్తువులు అందుకునే పొడవాటి పట్టుకర్ర, కొనిపెట్టుకోమని అక్కడ రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్పారట. ఇంట్లో ఇంతమంది ఉండగా ఆ కర్ర ఎందుకని నువ్వు అన్నావట. ఎందుకో చెబుతాను. ఎముకల వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్ళూ గమనించాను, ఇంటికి వెళ్ళిన మనిషి పెద్ద పని కోసం వంగరు. దానికి ఎవరినో ఒకరిని పిలుస్తారు. కింద పడిన పిన్నీసు కోసం, జారిపోయిన తువ్వాలు కోసం, మంచం కిందకు పోయిన చెప్పు కోసం వంగుతారు. ఇంత చిన్నదానికి మళ్ళీ ఎవరిని పిలుస్తాంలే అనుకునే క్షణంలోనే ప్రమాదం ఉంటుంది. నీ స్వభావం నాకు తెలుసు, నువ్వు పొద్దున ఒకసారి పిలిచిన మనిషిని మధ్యాహ్నం పిలవడానికి మొహమాటపడతావు. అందుకే నీకు అది తప్పకుండా కావాలి.

నీకు కీలు వెనుకవైపు నుంచి ఆపరేషన్ చేశారు కాబట్టి మూడు కట్టుబాట్లు చెప్పి ఉంటారు. తుంటి దగ్గర 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ఆపరేషన్ అయిన కాలి పాదాన్ని లోపలికి తిప్పకూడదు. సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాల వరకూ ఇవి పాటించమంటారు, నీ డాక్టరు చెప్పిన గడువే నీకు గడువు. ఇందులో అందరూ పొరబడే చోటు ఒకటుంది. నిలబడి వంగితేనే ప్రమాదమనీ, కూర్చుని వంగితే ఫరవాలేదనీ అనుకుంటారు. కుర్చీలో కూర్చున్నప్పటికే నీ తుంటి దాదాపు 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి పాదాల దగ్గర పడిన కళ్ళజోడు కోసం ముందుకు ఒరిగితే హద్దు దాటినట్టే. కీలు జారే ప్రమాదం అక్కడ ఎక్కువ. కాబట్టి కూర్చున్నప్పుడు కూడా గ్రాబర్ చేతికి అందేలా ఉండాలి.

కొనేటప్పుడు పొడవు చూడు. బజారులో ఎక్కువగా 26 అంగుళాలవీ 32 అంగుళాలవీ దొరుకుతాయి. నువ్వు ఐదడుగుల రెండంగుళాలు. నిటారుగా నిలబడి చేయి వేలాడేస్తే నీ పిడికిలి నేలకు సుమారు 27 అంగుళాల ఎత్తులో ఉంటుంది. కర్రను నిట్టనిలువుగా ఎవరూ పట్టుకోరు, కాస్త ముందుకు వాల్చి పట్టుకుంటారు. 26 అంగుళాలది పట్టుకుంటే చివర నేలకు అందక నువ్వు కొద్దిగా వంగుతావు, ఆ కొద్దే మనం వద్దనుకుంటున్నది. అందుకని 32 అంగుళాలది తీసుకో. మడిచి సంచిలో పెట్టుకునేవి కూడా ఉన్నాయి కానీ, మడత దగ్గర వదులైతే బరువు మోసేటప్పుడు కర్ర ఊగుతుంది. ఇంట్లో వాడుకోవడానికి మడవనిదే మేలు.

పొడవు తరువాత చూడాల్సింది పిడి. ఒక్క చూపుడు వేలితో నొక్కే మీట ఉన్నవి వద్దు. నీకు పొద్దున పూట వేళ్ళ కణుపులు బిగుసుకుపోతాయని చెబుతుంటావుగా, నాలుగు వేళ్ళూ కలిపి నొక్కే వెడల్పాటి మీట ఉన్నది చూడు. దుకాణంలోనే మరిదిగారిని ఒక రూపాయి నాణెం కింద పడేసి తీసి చూడమను. మీట పూర్తిగా నొక్కినప్పుడు కర్ర చివర వస్తువును పట్టుకునే దవడల కొసలు రెండూ సరిగ్గా కలుస్తున్నాయా, మధ్యలో సందు ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొసలు కలవనిది కాగితాన్ని కూడా ఎత్తలేదు. దవడల లోపల రబ్బరు ఉండాలి. కొసన చిన్న అయస్కాంతం ఉంటే ఇంకా మంచిది, పిన్నీసులు, సూదులు, కొన్ని నాణేలు దానికే అంటుకుని వస్తాయి. అంటుకోని నాణేలను మాత్రం దవడలతోనే పట్టుకోవాలి. దవడలను అడ్డంగా తిప్పుకునే వీలు ఉన్నది దొరికితే, సోఫాకూ గోడకూ మధ్య ఇరుకులో పడ్డవి తీసుకోవడానికి పనికొస్తుంది.

ఇక వాడకం. వాకర్ వదిలి రెండు చేతులతో దీన్ని వాడకు. ముందు నడక ఆపు. వస్తువుకు ఎదురుగా, దగ్గరగా వెళ్ళి రెండు పాదాలూ స్థిరంగా ఆనించు. ఒక చేయి వాకర్ మీదో గట్టి బల్ల మీదో ఉండాలి, రెండో చేతిలో గ్రాబర్. మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచుకో. పక్కకు తిరిగి, నడుము మెలితిప్పి అందుకోవాలని చూడొద్దు. అది పక్కన ఉంటే నువ్వే చిన్న చిన్న అడుగులతో అటు తిరుగు.

ఎత్తేటప్పుడు ఒక కిటుకు ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకో. వస్తువును పట్టుకున్నాక కర్రను నిలువుగా తెచ్చి, వస్తువు నీ పిడికిలికి సరిగ్గా కింద వేలాడేటట్టు చేసి అప్పుడు పైకి లేపు. కర్ర అడ్డంగా చాచి ఉండగా లేపితే, అరకిలో పాల ప్యాకెట్ కూడా ఎనభై సెంటీమీటర్ల అవతల నుంచి మణికట్టును కిందకు మెలిపెడుతుంది. దోటితో మామిడికాయ కోసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, కొసన కాయ పడగానే కర్ర ఎంత బరువెక్కుతుందో చేతికే తెలుస్తుంది. పైకి తెచ్చుకున్న వస్తువును పక్కనున్న బల్ల మీద దించి, తరువాత చేత్తో తీసుకో. కర్ర మీది నుంచి నేరుగా చేతిలోకి తీసుకోవాలంటే వాకర్ వదలాల్సి వస్తుంది.

దేనికైనా ఇరుక్కున్న దాన్ని లాగకు. తలుపు కింద చిక్కుకున్న కాళ్ళు తుడుచుకునే పట్టా, మంచం కోడు కింద పడిన దుప్పటి, డ్రాయరులో బిగుసుకున్న బట్ట, వీటిని బలంగా లాగితే అది ఒక్కసారిగా ఊడి వచ్చినప్పుడు నువ్వు వెనక్కి పడతావు. కదలలేదంటే అక్కడితో వదిలెయ్యి, మనిషిని పిలువు.

మొదటి రోజే అన్నీ ఎత్తేయాలని చూడకు. కుర్చీలో కూర్చుని ముందు చేతిరుమాలు, తరువాత ఖాళీ కాగితపు గ్లాసు, తరువాత పెన్సిల్ ఎత్తు. గ్లాసు నలగకుండా ఎత్తగలిగావంటే ఎంత నొక్కాలో నీ చేతికి తెలిసిపోయినట్టే. చాలామంది గట్టిగా నొక్కితేనే పట్టు ఉంటుందనుకుని వేళ్ళు నొప్పి పుట్టించుకుంటారు. జారిపోకుండా ఉండేంత నొక్కితే చాలు.

బట్టలు వేసుకోవడంలో ఇది ఎంత ఉపయోగమో ఆస్పత్రిలో సరిగా చూపించరు, తొందరలో ఉంటారు. లోదుస్తులు, సల్వారు వేసుకునేటప్పుడు ఎత్తైన కుర్చీ అంచున కూర్చో. నడుము పట్టీని దవడలతో పట్టుకుని నేల మీదకు దించు. ఆపరేషన్ అయిన కాలు ముందు దూర్చు, తరువాత రెండోది. మోకాళ్ళ పైదాకా కర్రతోనే లాక్కుని, చేతికి అందాక వాకర్ ఆసరాతో లేచి ఒక చేత్తో సర్దుకో. విప్పేటప్పుడు దీనికి తిరగేసి, బాగున్న కాలు ముందు, ఆపరేషన్ కాలు చివర. లంగా, నైటీ తల మీది నుంచి వేసుకో, వాటికి కర్ర అక్కర్లేదు. చీర మాత్రం కొన్నాళ్ళు పక్కన పెట్టమని నా మాట. కుచ్చిళ్ళ అంచు వాకర్ కాలి కిందకు పోతుంది, సర్దుకోవడానికి నువ్వు వంగుతావు. ఎవరైనా వస్తున్నారని కట్టుకోక తప్పకపోతే, చీలమండ కనిపించేంత పైకి కట్టుకుని, అంచు కిందకు దిగితే గ్రాబర్‌తో పైకి పట్టుకుని సర్దుకో. మేజోళ్ళకు ఇది పనికిరాదు, వాటిని తొడిగే సాధనం వేరే ఉంటుంది, థెరపిస్టును అడుగు.

నేల మీద నీళ్ళు ఒలికితే, దవడల మధ్య పాత బనియను గుడ్డ పట్టించి నిలబడే తుడుచుకోవచ్చు. నాకు దీనికున్న అన్ని ఉపయోగాల్లోకీ ఇదే ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే తడి నేల ఎవరో వచ్చేదాకా ఆగదు, ఈలోగా నువ్వో మరిదిగారో దాని మీద అడుగు వేస్తారు. కింద పడిన మాత్ర దొర్లిపోయి దవడలకు చిక్కకపోతే అదే గుడ్డను తడిపి అద్దితే అంటుకుని వస్తుంది. ఆ మాత్ర మింగకు, పారెయ్యి. ఫోను విషయం వేరు. అది నేలకు అతుక్కున్నట్టు పడి ఉంటుంది, జారుతుంది, ఎత్తేలోపు రెండుసార్లు పడిపోతుంది. ఫోనును మెడలో వేలాడే చిన్న గుడ్డ సంచిలో పెట్టుకో, పడితే కదా తీయడం. అవసరానికి పిలవాలన్నా అది నీ ఒంటి మీదే ఉండాలి.

వంటింట్లో దీని పని తక్కువ. కింద పడిన చెంచా, ఉల్లిపాయ, పైఅరలో ఉన్న సేమ్యా ప్యాకెట్ వంటివాటికి సరే. తల కంటే ఎత్తులో ఉన్నది మీద పడినా దెబ్బ తగలనంత తేలికైతేనే దీనితో దించు. గాజు సీసాలు, ఊరగాయ జాడీలు, డబ్బాల మీద పెట్టిన డబ్బాలు ముట్టుకోవద్దు. చాలా గ్రాబర్లు మహా అయితే రెండు కిలోల వరకే తట్టుకుంటాయి, నీకు మాత్రం అరకిలో హద్దు. అయినా ఎత్తు మీదున్నవన్నీ నువ్వు ఇంటికి వెళ్ళకముందే నడుముకూ భుజానికీ మధ్య ఎత్తులోకి దించిపెట్టమని కోడలికి చెప్పాను. స్టూలు ఎక్కే అలవాటు నీకు ముందు నుంచీ ఉంది, అది ఇక మానుకోవాలి. పొయ్యి దగ్గర వేడి గిన్నె పట్టకారుతోనే పట్టాలి, దీనితో కాదు. రబ్బరు వేడికి మెత్తబడి గిన్నె జారుతుంది. దీపం వెలిగించడం, ప్లగ్గులు పీకడం, పగిలిన గాజు ముక్కలు ఏరడం కూడా దీని పనులు కావు.

దేవుడి గదిలో కింది మెట్టు మీద వాడిన పూలు తీయడానికి ఇదే వాడవచ్చా అని నీకు సందేహం వస్తుంది. వాడవచ్చు, కాకపోతే బాత్రూముకు ఒకటి, మిగతా ఇంటికి ఒకటి విడిగా ఉంచుకో. రెండూ కలవకుండా ఒకదాని పిడికి పసుపు దారం కట్టు. పూజ మాటే కాదు, బాత్రూములో వాడినది కూరగాయలకు తగలకూడదు. వారానికోసారి దవడలను సబ్బునీళ్ళతో తుడిచి ఆరబెట్టు. రబ్బరు ఎండి పగుళ్ళు వేసినా, మీట నొక్కినప్పుడు లోపలి తీగ వదులుగా అనిపించినా కొత్తది కొను, బాగుచేయించే పని పెట్టుకోకు. దీన్ని చేతికర్రలా నేలకు ఆనించి లేవడం మాత్రం ఎన్నడూ చేయకు, అల్యూమినియం గొట్టం మనిషి బరువు ఆపదు. మనవలకు ఆట వస్తువు కాకుండా చూడు. వాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటే ఒక పూటలో తీగ తెగుతుంది, నీకు అవసరమైన వేళకు అది పనిచేయదు.

డాక్టరు వంగవచ్చని చెప్పిన తరువాత కూడా ఇది పక్కనే ఉంటే అలవాటుగా దాన్నే అందుకుంటావు. అలా చేయకు. ఫిజియోథెరపిస్టు నేర్పిన పద్ధతిలో కొద్దికొద్దిగా వంగడం మొదలుపెట్టాలి, లేకపోతే కీలు బిగుసుకుపోతుంది, తొడ కండరాలకు బలం రాదు. గడువు లోపల ఎంత గట్టిగా వాడాలో, గడువు తరువాత అంత ఇష్టంగా తగ్గించాలి.

గ్రాబర్ పెట్టుకుని వాకర్‌కు కట్టుకోవడానికి ఒక గుడ్డ తొడుగు కుట్టి పంపుతున్నాను. వాకర్ ముందు అడ్డపట్టీకి కాకుండా కుడి పక్క నిలువు గొట్టానికి కట్టించుకో, అప్పుడు కర్ర కాళ్ళకు అడ్డం రాదు. కొస కింద నేలకు రాసుకోకుండా నాలుగు వేళ్ళ ఎత్తు ఉండేలా మరిదిగారిని ముడి వేయమను. రెండో గ్రాబర్‌ను మంచం పక్కన మేకుకు వేలాడదీసుకో. ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను, కాగితపు గ్లాసు నలగకుండా లేచిందో లేదో అప్పుడు చెప్పు.

ఇట్లు,
నీ అక్క