బరువు తగ్గడానికి హిప్నోథెరపీ పనిచేస్తుందా? నా అనుభవం మేరకు జవాబు

వరంగల్ నుంచి మీరు అడిగిన విషయం ఇది: ముప్పై నాలుగేళ్ళ వయసు, పి.సి.ఓ.ఎస్. (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) ఉంది, బరువు పెరుగుతోంది, రకరకాల డైట్లు మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కేంద్రం వారి ‘వర్చువల్ గ్యాస్ట్రిక్ బ్యాండ్’ హిప్నోథెరపీ (హిప్నాటిజంతో చేసే చికిత్స) ప్రకటన చూసి, ప్యాకేజీకి డబ్బు కట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. హిప్నాటిజం అంటే మనసు ఇంకొకరి చేతికి పోతుందేమోనని మీ అమ్మగారు భయపడుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆ ప్యాకేజీకి డబ్బు కట్టకండి. అలాగని హిప్నోథెరపీని మొత్తంగా కొట్టిపారేయకండి. నా విషయంలో అది నేరుగా బరువు తగ్గించలేదు. రాత్రిపూట ఆకలి లేకుండా తినే ఒక అలవాటును వదిలించుకోవడానికి మాత్రం గట్టిగా సాయపడింది. ఈ రెండూ ఒకటే అనుకుని వెళ్ళినవారే ఎక్కువగా నిరాశపడి తిరిగివస్తున్నారని నా అభిప్రాయం.

నేను విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తుంటాను. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. అప్పట్లో బరువు 91 కిలోలు, అంటే బి.ఎం.ఐ. (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక) 32 పైన. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కగడతారు కాబట్టి నేను ఏ గడిలో ఉన్నానో వేరే చెప్పనక్కరలేదు. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ (కాలేయంలో కొవ్వు) కనిపించింది, గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బిఎ1సి 6.1 వచ్చింది. షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడిందని మా డాక్టరుగారు అన్నారు. ఆయన చెప్పిన ఆహార నియమాలన్నీ నాకు ముందే తెలుసు. పగలంతా వాటిని పాటించేవాడిని కూడా. రాత్రి పదిన్నర దాటి ఇంట్లో అందరూ పడుకున్నాక మాత్రం, లాప్‌టాప్ మూసి వంటింట్లోకి వెళ్ళి, అల్మరాలో రెండో అరమీద ఉండే స్టీలు డబ్బా మూత తీసి, నిలబడే జంతికలు తినేవాడిని. డబ్బా సగమయ్యేదాకా తింటున్నానన్న స్పృహే ఉండేది కాదు.

నేను కూడా మొదట మీలాగే ఒక ప్రకటన చూసి ఒక కేంద్రానికి వెళ్ళాను. అక్కడ కూర్చోబెట్టి, నా బరువుకు కారణం నా ‘ఉపచేతన మనసు’లో ఉందని, దానిని ‘రీప్రోగ్రామ్’ చేస్తే డైటింగ్ అవసరమే ఉండదని చెప్పారు. పూర్వజన్మలో నేను కరువులో ఆకలితో చనిపోయి ఉండవచ్చని, ఆ జ్ఞాపకాన్ని తొలగిస్తే తిండి యావ తగ్గుతుందని కూడా అన్నారు. నేను ఏ మందులు వాడుతున్నానో, థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నానో లేదో ఒక్కమాటైనా అడగలేదు. డబ్బు మాత్రం మొత్తం ముందే కట్టాలన్నారు. మర్యాదగా లేచి వచ్చేశాను. వర్చువల్ గ్యాస్ట్రిక్ బ్యాండ్ అంటే, ఆపరేషన్ చేసి జీర్ణాశయానికి పట్టీ బిగించినట్లు హిప్నాసిస్‌లో ఊహింపజేసి, కొంచెం తినగానే కడుపు నిండినట్లు అనిపించేలా సూచనలు ఇవ్వడం. బరువు తగ్గించడానికి చేసే నిజమైన బేరియాట్రిక్ శస్త్రచికిత్సలకు ఉన్న ఆధారాలు ఆ ఊహకు లేవు. పేరు ఒకేలా ఉన్నంత మాత్రాన ఫలితం కూడా ఒకేలా ఉంటుందనుకోకూడదు.

తరువాత మా డాక్టరుగారే ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ తొలిసారి హిప్నాసిస్ మాటే ఎత్తలేదు. ఒక చిన్న నోటుపుస్తకంలో ఏం తిన్నానో, ఏ వేళకు తిన్నానో, తినేముందు మనసులో ఏముందో రాసుకుని రమ్మన్నారు. ఆ పుస్తకం చూశాక ఇద్దరికీ ఒకటే కనిపించింది: పగటి భోజనాలలో పెద్ద లోపం లేదు, ఉన్న లోపమంతా రాత్రి పదిన్నరకూ పదకొండున్నరకూ మధ్యనే ఉంది, అది కూడా ఆఫీసులో ఒత్తిడి ఎక్కువైన రోజుల్లోనే. అప్పుడు ఆవిడ, బరువు మీద కాకుండా ఆ గంట మీదే పనిచేద్దామన్నారు.

హిప్నాసిస్ ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ అమ్మగారి భయం అక్కడే ఉంది. బి.వి. పట్టాభిరామ్ గారి వంటి ఇంద్రజాలికుల ప్రదర్శనల ద్వారా హిప్నాటిజం గురించి తెలుసుకున్న తరం మాది. వేదికమీదికి పిలిచి నిద్రపుచ్చడమే హిప్నాటిజమని నేనూ అనుకునేవాడిని. క్లినిక్‌లో అలాంటి హంగామా ఏమీ లేదు. మామూలు చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, గోడమీద కంటిచూపుకు కాస్త ఎత్తులో ఉన్న ఒక చుక్కను చూడమన్నారు. అలా పైకి చూస్తూ ఉంటే రెప్పలు వాటంతటవే బరువెక్కుతాయి, అందులో మహిమ ఏమీ లేదు. ఊపిరి నెమ్మదిగా వదలమంటూ, మెట్లు దిగుతున్నట్లు ఊహించుకోమంటూ పది నుంచి ఒకటి దాకా లెక్కపెట్టారు. వరండాలో ఎవరిదో ఫోను మోగడం, ఏసీ శబ్దం నాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉన్నాయి. కావాలంటే లేచి వెళ్ళిపోగలనని తెలుసు, కానీ లేవాలనిపించలేదు. కుడిచెయ్యి తేలికవుతోందని ఆవిడ అన్నప్పుడు అది కుర్చీ చేతిమీది నుంచి కాస్త పైకి లేచింది. నేను లేపానా, అదే లేచిందా అంటే ఇప్పటికీ చెప్పలేను. కళ్ళు తెరిచాక పది నిమిషాలై ఉంటుందనుకున్నాను, గడియారంలో అరగంట దాటిపోయింది.

అందరికీ ఇలా జరగదు. సూచనలకు లోనయ్యే గుణం మనిషి మనిషికీ మారుతుంది. దానిని కొలవడానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1959లోనే ఒక స్కేలు తయారుచేశారు. కొద్దిమంది చాలా తేలికగా ఆ స్థితిలోకి వెళతారు, కొద్దిమంది దాదాపుగా వెళ్ళలేరు, మిగిలిన ఎక్కువమంది మధ్యలో ఉంటారు. నేను మధ్యరకమని ఆవిడ చిన్న చిన్న పరీక్షలు చేసి చెప్పారు.

ఆవిడ ఇచ్చిన సూచనలు నేను ఊహించినట్లు లేవు. జంతికలంటే అసహ్యం పుట్టేలా చేయమని నేనే అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. సంక్రాంతికి మీ ఇంట్లో వండుకునే వస్తువు మీద అసహ్యం పుట్టించినా అది నిలవదు, పైగా అది మీకు ఎందుకూ పనికిరాదు అన్నారు. మీలో మీరు మాట్లాడుకునేటప్పుడు ఎలా మాట్లాడుకుంటారని అడిగి, పుస్తకాల భాష పక్కనపెట్టి, నేను వాడే మాటల్లోనే సూచనలు తయారుచేశారు. డబ్బా మూతమీద చెయ్యి పడగానే ఆగుతాను, ఎడమచెయ్యి పొట్టమీద వేసుకుంటాను, ఆకలి కడుపులో ఉందా నోట్లో ఉందా అని చూసుకుంటాను, కడుపులో ఉంటే కూర్చుని తింటాను, నోట్లో ఉంటే గ్లాసుడు మజ్జిగ తాగి పడుకుంటాను. ఇంతే. దీనినే రోజూ పడుకునేముందు నాకు నేనే చెప్పుకునేలా స్వీయ హిప్నాసిస్ నేర్పారు.

కొన్ని వారాల తరువాత ఒక రాత్రి మూత తీయబోతూ నిజంగానే ఆగిపోయాను. తినకూడదని బలవంతంగా ఆపుకోవడం కాదది. తినబోతున్నానని నాకు తెలిసింది, అంతవరకూ ఆ తెలియడమే ఉండేది కాదు. ఆ రాత్రి కూడా రెండు జంతికలు తిన్నాను గానీ కుర్చీలో కూర్చుని, ప్లేటులో పెట్టుకుని తిన్నాను. తరువాత తరువాత చాలా రాత్రులు డబ్బా జోలికే వెళ్ళలేదు. మార్చి నెలాఖరు లెక్కల రద్దీలో స్వీయ హిప్నాసిస్ మానేస్తే అలవాటు మళ్ళీ తలెత్తింది, మొదలుపెడితే మళ్ళీ తగ్గింది.

మారనివి కూడా చెప్పాలి. పప్పన్నంలో నెయ్యి మీద నా ఇష్టం రవ్వంత కూడా తగ్గలేదు. పెళ్ళి భోజనాల్లో ఆకు ముందు కూర్చుంటే హిప్నాసిస్ గుర్తుకే రాలేదు. అత్తగారింట్లో ‘ఇంకొంచెం వేసుకోండి బాబూ’ అన్నప్పుడు కాదనే ధైర్యం ఏ చికిత్సా ఇవ్వలేదు. ఏడాది దాటాక నా బరువు 84 కిలోలకు, హెచ్‌బిఎ1సి 5.8కి వచ్చాయి. ఆ ఏడు కిలోల్లో రాత్రి అన్నం తగ్గించడానిదీ, రాత్రి భోజనం ముందుకు జరపడానిదీ, ఉదయం ఆర్.కె. బీచ్‌లో నడకదీ ఎంతెంత వాటానో, హిప్నోథెరపీది ఎంతో విడదీసి చూపడం లెక్కలు చూసే నాకే సాధ్యం కాలేదు.

అందుకే పరిశోధనలు ఏమంటున్నాయో వెతికి చదివాను. 1995లో అమెరికాలో ఇర్వింగ్ కర్ష్ బృందం పాత అధ్యయనాలను కలిపి లెక్కగట్టి, ప్రవర్తనా చికిత్సకు హిప్నాసిస్ జోడిస్తే ఫలితం బాగా పెరుగుతుందని, ముఖ్యంగా ఊబకాయంలో పెరుగుతుందని చెప్పింది. మరుసటి ఏడాదే ఆలిసన్, ఫెయిత్ అనే ఇద్దరు పరిశోధకులు అవే అధ్యయనాలను మళ్ళీ చూసి, లెక్కల్లో పొరపాట్లున్నాయని, సరిదిద్దితే ఆ ప్రయోజనం చాలా చిన్నదని తేల్చారు. ప్రకటనల్లో మొదటిదాన్నే ఉటంకిస్తారు, రెండోది ఎక్కడా కనబడదు. ఇటలీలోని టొరినోలో తీవ్ర ఊబకాయం ఉన్న 120 మందిని రెండు గుంపులుగా చేసి, ఇద్దరికీ ఆహార, వ్యాయామ సలహాలిచ్చి, ఒక గుంపుకు మాత్రం స్వీయ హిప్నాసిస్ అదనంగా నేర్పారు. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, ఏడాది తరువాత హిప్నాసిస్ గుంపు సగటున 6.5 కిలోలు, రెండో గుంపు 5.6 కిలోలు తగ్గాయి. గణాంకశాస్త్ర ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. కానీ హిప్నాసిస్ గుంపులో కడుపు నిండిన తృప్తి, జీవన నాణ్యత మెరుగుపడ్డాయి, దాన్ని క్రమంగా సాధన చేసినవారు 9.6 కిలోల దాకా తగ్గారు. ఈ చివరి అంకెను చూసి ఆశపడేముందు ఒకటి గమనించండి: రోజూ సాధన చేసే ఓపిక ఉన్నవారు తిండి విషయంలోనూ, నడక విషయంలోనూ ఓపిక చూపి ఉండవచ్చు.

హిప్నాసిస్‌కు శక్తే లేదని దీని అర్థం కాదు. క్లోరోఫాం రాకముందు, 1845లో బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు మెస్మరిజం (హిప్నాటిజానికి పాత రూపం) సాయంతో శస్త్రచికిత్సలు చేశాడు. ఈనాడు బ్రిటన్‌లో మందులకు లొంగని ఐ.బి.ఎస్. (పేగుల పనితీరు తరచూ గాడి తప్పే సమస్య) రోగులకు హిప్నోథెరపీని పరిశీలించవచ్చని అక్కడ వైద్య ప్రమాణాలు సూచించే ‘నైస్’ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. నొప్పి, పేగుల అలజడి వంటి చోట్ల దానికి ఉన్న బలం బరువు విషయంలో ఇంకా రుజువు కాలేదు, అంతే.

మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి: మనసు ఎవరి చేతికీ పోదు, మనకు ఇష్టంలేని పని చేయించలేరు, నోట్లోంచి రహస్యాలు లాగలేరు. అయితే ఆవిడ భయం పూర్తిగా అకారణమని కూడా నేను అనను. ఆ స్థితిలో ఊహకూ జ్ఞాపకానికీ మధ్య గీత పలచబడుతుంది కాబట్టి, పూర్వజన్మలనీ చిన్ననాటి మరచిపోయిన గాయాలనీ తవ్వేవారి దగ్గర లేని జ్ఞాపకాలు ఏర్పడే ప్రమాదం ఉంది. భ్రమలు, భ్రాంతులతో కూడిన మానసిక వ్యాధులు ఉన్నవారు సైకియాట్రిస్టును అడగకుండా వెళ్ళకూడదు. అతిగా తిని వాంతి చేసుకునే అలవాటు ఉన్నవారు ముందుగా ఆ సమస్యకే చికిత్స తీసుకోవాలి. అమ్మగారిని వెంట తీసుకువెళ్ళి బయట గదిలో కూర్చోబెట్టండి, మంచి సైకాలజిస్టు ఎవరూ దానికి అభ్యంతరం చెప్పరు.

పి.సి.ఓ.ఎస్. సంగతి వేరు. అందులో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఉంటుంది, దానిని ఏ సూచనా మార్చదు. ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా నెలసరి మెరుగుపడే అవకాశముంది కాబట్టి, ముందు గైనకాలజిస్టును గానీ ఎండోక్రైనాలజిస్టును గానీ కలిసి, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకుని, వారి చికిత్సకు తోడుగానే మిగతావన్నీ పెట్టుకోండి. హిప్నోథెరపిస్టునని చెప్పుకోవడానికి కొద్ది రోజుల సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ ఉన్నారు. అందుకని క్లినికల్ సైకాలజిస్టునే ఎంచుకుని, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఏ సెషన్ ఫీజు ఆ సెషన్‌కే ఇస్తానని చెప్పండి. ఇన్ని కిలోలు తగ్గిస్తామని హామీ ఇస్తే అక్కడే ఆగిపోండి.

అన్నిటికంటే ముందు, ఖర్చులేని పని ఒకటి చేయండి. కొన్ని రోజులు తిన్నదీ, తిన్న వేళా, అప్పుడు ఆకలి ఉందా లేదా అన్నదీ రాసిపెట్టుకోండి. ఆకలి లేకుండా, కోపంలోనో దిగులులోనో విసుగులోనో తిన్నవే ఎక్కువగా కనిపిస్తే హిప్నోథెరపీ మీకు కొంత ఉపయోగపడవచ్చు. భోజనాల వేళకే, ఆకలితోనే ఎక్కువ తింటున్నట్లు తేలితే మాత్రం ఆ డబ్బుతో ఒక మంచి డైటీషియన్‌ను కలవడం మేలు.