కార్పెట్లు కడిగే పెద్ద యంత్రానికి నీటి ఒత్తిడి ముఖ్యమా, పీల్చే శక్తి ముఖ్యమా?

నెల్లూరు కల్యాణమండపాలు, హోటళ్ల పనులకు యంత్రం కొనేవారు ముందుగా చూడాల్సింది నీటిని చిమ్మే ఒత్తిడి కాదు, చిమ్మిన నీటిని తిరిగి పీల్చుకునే శక్తి. మురికి బయటికి వచ్చేది ఆ నీటితోనే. నీరు లోపల నిలిచిపోతే మురికీ నిలుస్తుంది, ముక్కిన వాసన మొదలవుతుంది. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనాల వానల్లో ఇక్కడ తడి తేలిగ్గా ఆరదు. ఉదాహరణకు, రాత్రి రిసెప్షన్ ముగిసిన హాలును మర్నాటి సాయంత్రం పెళ్లివారికి అప్పగించాలంటే బలంగా పీల్చే యంత్రమే గట్టెక్కిస్తుంది.

ఒత్తిడి పెరిగేకొద్దీ మరకలు బాగా పోతాయన్నది అపోహ. అతి ఒత్తిడి నీటిని కార్పెట్ అడుగు పొరలోకి తోసేస్తుంది. కరెంటు సంగతీ తప్పక చూడండి: 230 వోల్టుల వద్ద 16 ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది 3,680 వాట్లే. హీటరు, మోటార్లు కలిపి అంతకు మించితే విడిగా లైను వేయించాలి.