ఉద్యోగం పోయి అద్దె, గ్యాస్ బిల్లు బాకీపడితే టౌన్ హ్యూమన్ సర్వీసెస్ ఏం చేస్తుంది?

కనెక్టికట్‌లో ఉంటున్నారు, ఉద్యోగం పోయింది, ఒక నెల అద్దె బాకీ, గ్యాస్‌కి షటాఫ్ నోటీసు వచ్చింది, గ్రీన్‌కార్డు వచ్చి మూడేళ్లు. టౌన్ హాల్‌లో హ్యూమన్ సర్వీసెస్ (కష్టాల్లో ఉన్న టౌన్ వాసులకి సాయం చేసే విభాగం) వాళ్లని కలిస్తే ఉపయోగమా అని కదా అడిగారు.

ఉపయోగమే. కానీ అక్కడ డబ్బు పెద్దగా ఉండదని తెలిసి వెళ్లండి. టౌన్ సొంత సహాయ నిధి చాలాచోట్ల విరాళాలతో నడుస్తుంది. ఇచ్చినా సాధారణంగా ఒక్కసారే, అదీ మీ చేతికి కాదు, ఓనర్‌కో గ్యాస్ కంపెనీకో నేరుగా చెక్కు వెళ్తుంది. అసలు విలువంతా కేస్‌వర్కర్‌ది. మీకు ఏ పథకం వర్తిస్తుందో చూసి, ఫారాలు దగ్గరుండి నింపించి, ఫైలు ఎక్కడైనా ఆగితే ఫోన్ చేసి కదిలించేది ఆ మనిషే.

ముందు గ్యాస్ సంగతి చూడండి. నవంబరు 1 నుంచి మే 1 వరకు హార్డ్‌షిప్ (ఆర్థిక ఇబ్బంది) కింద నమోదైన ఇళ్లకి హీటింగ్ కట్ చేయకూడదు. ఆ నమోదు దానంతటది జరగదు, కంపెనీకి ఫోన్ చేసి అడిగి, ఆదాయం రుజువు ఇవ్వాలి. బాకీ మాఫీ అవుతుందనుకోకండి, అది పేరుకుంటూ వచ్చి మేలో మీద పడుతుంది. అందుకే చలికాలంలోనే ఎనర్జీ అసిస్టెన్స్‌కి (హీటింగ్ బిల్లుకి సాయం చేసే పథకం) దరఖాస్తు పెట్టాలి. దానికి గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు నిండాలన్న నిబంధన లేదు.

స్నాప్‌కి (తిండి సరుకులకి ప్రభుత్వం ఇచ్చే సాయం) మాత్రం ఉంది, పెద్దవాళ్లకి. 18 ఏళ్లలోపు పిల్లలకి లేదు, కాబట్టి పిల్లల పేరుమీద అడగొచ్చు, మీ ఆదాయం మాత్రం లెక్కలోకి వస్తుంది. మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి, చేతిలో దాదాపు ఏమీ లేని ఇళ్లకి 7 రోజుల్లో. ఇంటర్వ్యూ కాల్ తెలియని నంబరు నుంచి వస్తుందని ఎత్తకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి ఇంత తతంగం ఉండదు, మొదటి రోజే అడగండి.

పని చెడేది ఎక్కువగా కాగితాల దగ్గరే. ఫొటో ఐడీ, లీజు, చివరి నాలుగు వారాల పే స్టబ్‌లు, షటాఫ్ నోటీసు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్ని పేజీలూ (ఖాళీ పేజీతో సహా, ఫోన్ స్క్రీన్‌షాట్ కాదు) పట్టుకెళ్లండి. పాత పే స్టబ్‌లు మాత్రమే చూపిస్తే మీకింకా జీతం వస్తున్నట్టే ఉంటుంది, ఉద్యోగం పోయిందని కంపెనీ ఇచ్చిన యూసీ-61 నోటీసు తప్పకుండా జతచేయండి. స్నేహితులు జెల్ (Zelle)లో పంపిన అప్పు కూడా ఆదాయంలా కనబడుతుంది. అది అప్పేనని వాళ్లచేత రెండు వాక్యాలు రాయించి సంతకం పెట్టించండి.

అద్దె చెక్కు ఆగేది చాలాసార్లు ఓనర్ వల్ల. తన పన్ను నంబరు తెలిపే డబ్ల్యూ-9 ఫారం ఆయన ఇవ్వనిదే టౌన్ చెల్లించడానికి వీల్లేదు, కొందరు ఓనర్లు అది ఇవ్వడానికి ఇష్టపడరు. అపాయింట్‌మెంట్ కంటే ముందే అడిగి ఉంచుకోండి. ఇంకొకటి, మీ పోస్టల్ చిరునామాలోని ఊరూ మీరు నిజంగా ఉన్న టౌనూ ఒకటే కాకపోవచ్చు. హద్దు దగ్గర ఇల్లయితే ఫోన్లోనే నిర్ధారించుకోండి, టౌన్ వాసులకి తప్ప వాళ్లు ఇవ్వరు.

సిటిజన్‌షిప్ దరఖాస్తులో పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే) పరీక్ష లేదు, కాబట్టి ఆ భయంతో ఆగిపోనక్కర్లేదు. 180 రోజులకి మించి దేశం బయట ఉండి తిరిగొస్తే ఆ పరీక్ష ఎదురుకావచ్చు, అలాంటి ఆలోచన ఉంటే మాత్రం ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

నోటీసులో కట్ చేసే తేదీ దగ్గరపడితే అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే ఆ తేదీ చెప్పండి, అలాంటి కేసుల్ని ముందుకు జరుపుతారు. ఆఫీసు మూసి ఉంటే 211కి (సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే హెల్ప్‌లైన్) ఫోన్ చేయండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అప్పుడే అడగాలి, పిల్లలచేత చెప్పించుకోవద్దు.