జేబులో రూపాయి తీయించు

హనుమకొండ,
ఆదివారం ఉదయం

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రెస్ నోట్, కరపత్రం రాత్రే చదివాను. పొద్దున లేచి ఇంకోసారి చదివి ఈ ఉత్తరం మొదలుపెట్టాను. కరీంనగర్‌లో స్టాంపులు, నాణేల ప్రదర్శన పెడుతున్నారని, జనాన్ని రప్పించేలా రాసే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషం వేసింది. నీ రాత మీద వాళ్లకు నమ్మకం ఉంది. నాకూ ఉంది. అందుకే ఏదీ దాచకుండా చెబుతున్నాను.

నీ ప్రెస్ నోట్ "నాణేల సేకరణ ఎంతో ఉన్నతమైన అభిరుచి" అని మొదలైంది. అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట ఇప్పటికే నాణేలు పోగుచేసేవాళ్లకు తప్ప ఎవరికీ పట్టదు. వాళ్లను నువ్వు పిలవక్కర్లేదు, తేదీ తెలిస్తే చాలు, ఆదిలాబాద్ నుంచైనా వస్తారు. నేను మొదట్లో రాసిన ప్రచారాలన్నీ ఇలాగే ఉండేవి. హాల్లో ఎప్పుడూ అవే ముఖాలు. ఈ స్టాల్ వాళ్లు ఆ స్టాల్‌కి, ఆ స్టాల్ వాళ్లు ఈ స్టాల్‌కి వెళ్లి చూసుకునేవాళ్లం. సాయంత్రానికి ఎవరి పెట్టెలు వాళ్లు సర్దుకుని బస్టాండ్‌కి వెళ్లిపోయేవాళ్లం.

నువ్వు పిలవాల్సింది జీవితంలో ఒక్క స్టాంపు కూడా దాచుకోని మనిషిని. ఆయన పొద్దున టీ తాగుతూ పేపర్లో జిల్లా పేజీ తిప్పుతున్నాడనుకో. ఆయన చేత ముందు ఒక చిన్న పని చేయించు. "మీ జేబులో ఉన్న రూపాయి బిళ్ల తీయండి. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉందేమో చూడండి. ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో తయారైంది" అని మొదలుపెట్టు. వజ్రం ఆకారం ఉంటే ముంబై, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇది చదివాక చిల్లర తీసి చూడకుండా ఉండటం కష్టం. ఆయన చూస్తాడు, ఇంట్లోవాళ్లకు చూపిస్తాడు, పిల్లలు ఇంకో బిళ్ల కోసం డబ్బా వెతుకుతారు. అప్పుడు చెప్పు, ఇలాంటివి ఇంకా చూడాలంటే ఫలానా హాలుకి రండి అని.

స్టాంపుల సేకరణకు ఫిలాటలీ, నాణేల అధ్యయనానికి న్యూమిస్మాటిక్స్ అనే మాటలు శీర్షికలోంచి తీసెయ్. లోపల ఎక్కడైనా ఒకసారి వస్తే చాలు. మన భాషలోనే ఇంతకంటే దగ్గరి మాటలున్నాయి. పదహారణాల తెలుగమ్మాయి అంటాం. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు అంటాం. ఒకప్పుడు రూపాయికి పదహారు అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి వంద నయా పైసలు వచ్చి అణాలు లెక్కల్లోంచి పోయాయి కానీ మన నోట్లోంచి పోలేదు. పావలా కూడా 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయింది. ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లలు పావలా పెట్టి ఏదీ కొని ఎరగరు. నేనైతే కరపత్రం పైన ఇంతే రాస్తాను: "పదహారణాల తెలుగు అంటాం కదా. ఆ పదహారు అణాలు ఎప్పుడైనా చూశారా? రండి, చూపిస్తాం." గుమ్మం దగ్గర బల్ల మీద పదహారు అణా బిళ్లలు వరుసగా పేర్చమని మీవాళ్లకు చెప్పు. రాసింది లోపలికి రాగానే కనపడాలి.

ఇంకొక సంగతి. మన ప్రాంతానికి అణా పైసల కథ ఒక్కటే చాలదు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది. దాన్ని హాలీ అనేవాళ్లు, బ్రిటిష్ వాళ్లదాన్ని కల్దార్ అనేవాళ్లు. సుమారుగా ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. నిజాం నోట్ల మీద ఉర్దూ, మరాఠీ, కన్నడంతో పాటు తెలుగులోనూ విలువ రాసి ఉండేది. ఆ నోటు ఫొటో పెద్దది చేసి, తెలుగు అక్షరాలున్న చోట గీత గీసి పేపర్‌కి పంపు. ఎనభై దాటిన పెద్దవాళ్లలో చిన్నప్పుడు ఈ డబ్బు పట్టుకుని అంగడికి వెళ్లినవాళ్లు ఇంకా ఉన్నారు. నీ కరపత్రమంతా పిల్లల్నే పిలుస్తోంది. "మీ అమ్మమ్మను, తాతయ్యను తీసుకురండి, వాళ్లు వాడిన డబ్బు ఇక్కడుంది" అని ఒక్క వాక్యం చేర్చు. ముసలాయన్ని తీసుకురావడానికి కొడుకు, కోడలు, మనవలు అందరూ కదులుతారు. వచ్చాక ఆయన చెప్పే కబుర్లు మీ స్టాల్ వాళ్లు చెప్పే వివరాలకంటే బాగుంటాయి.

కోటిలింగాల ఊరి గురించి నువ్వు రాసిన పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. శాతవాహనుల తొలి రాజుగా చెప్పే శ్రీముఖుడి పేరున్న నాణేలు అక్కడే, మన గోదావరి ఒడ్డునే దొరికాయన్నది ఈ జిల్లాలవాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన మాట. దాని కింద "మీ పొలాల్లో దొరికిన నాణేలు కూడా తీసుకురండి" అన్నావు చూడు, అది మాత్రం వెంటనే కొట్టెయ్. భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నుంచీ చట్టం ఉంది. మన రాత నమ్మి ఎవరూ చిక్కుల్లో పడకూడదు.

ఇప్పుడు అసలు చెప్పాల్సింది. నీ కరపత్రం చివర "మీ ఇంట్లో పాత నాణెం లక్షలు చేయొచ్చు" అని ఉంది. అది చూడగానే నాకు గుండె కలుక్కుమంది. ఎనిమిదేళ్ల కింద వేరే ఊళ్లో ప్రదర్శనకు ఇదే మాట నేనూ రాశాను. జనం బాగా వచ్చారు, హాలు పట్టలేదు. మధ్యాహ్నం ఒక రైతు రెండు బస్సులు మారి వచ్చాడు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల బిళ్లలు, ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోట్లు రుమాల్లో మూట కట్టుకుని తెచ్చాడు. కూతురి పెళ్లి ఉందన్నాడు. స్టాల్‌లో కుర్రాడు మెల్లగా, ఇవి ఇంకా మామూలు డబ్బే, లక్షలు రావు అని చెప్పాడు. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. మళ్లీ రుమాల్లో కట్టుకుని, మంచినీళ్లడిగి తాగి వెళ్లిపోయాడు. ఆయన్ని అంత దూరం రప్పించింది నా మాట. ఇన్నేళ్లయినా ఆ రుమాలు నాకు కళ్లముందే ఉంది.

ఇలాంటి ఆశ చూపించి కమీషన్, పన్ను అంటూ ముందే డబ్బు గుంజే మోసగాళ్ల గురించి రిజర్వ్ బ్యాంక్ 2021లో హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ వాక్యం తీసేసి, "మీ దగ్గరున్న పాత నాణెం ఎప్పటిదో, ఎక్కడిదో ఉచితంగా చెబుతాం" అని పెట్టు. జనం కొంచెం తగ్గితే తగ్గనీ. తెలుసుకోవడానికి వచ్చినవాళ్లు నిరాశతో వెళ్లరు, మళ్లీ ఏడాది ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తారు.

మిగతావి చిన్న విషయాలు. ఫ్లెక్సీని బైక్ మీద పోయేవాళ్లు చదవాలి కాబట్టి ఒక పెద్ద నాణెం బొమ్మ, తేదీ, చోటు, "ప్రవేశం ఉచితం" చాలు. అతిథుల ఫొటోలు ఆహ్వాన పత్రిక మీద వేసుకోమను. ప్రెస్ నోట్ రెండుసార్లు పంపు. పది రోజుల ముందు కథతో, ముందురోజు నాలుగు లైన్లలో టైము, దారి. శనివారం మధ్యాహ్నంకల్లా ఒక మంచి ఫొటో విలేకరులకు చేరిపోవాలి, ఆదివారం పేపర్లో అది పడితేనే ఆదివారం జనం. శాలువాలు కప్పే ఫొటో వద్దు. భూతద్దం పట్టుకుని స్టాంపు చూస్తున్న పిల్ల ఫొటో పంపు, వాళ్ల అమ్మానాన్నలను అడిగాకే.

స్కూళ్లకు వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోకు, హెడ్మాస్టర్లను వెళ్లి కలువు. తపాలా శాఖ 6 నుంచి 9వ తరగతి పిల్లలకు స్టాంపుల సేకరణ మీద స్పర్శ్ అనే స్కాలర్‌షిప్ ఇస్తోంది, ఏడాదికి 6000 రూపాయలు. వాళ్లకిచ్చే ఉత్తరంలో ఇది మొదట రాయి. ప్రదర్శన గుర్తుగా ప్రత్యేక కవరు, ప్రత్యేక ముద్ర కోసం మీవాళ్లు పోస్టాఫీసులో అడిగారన్నావు. ఖాయమైతే "ఈ ముద్ర ఈ ఒక్కరోజే పడుతుంది" అని రాయి, ఖాయం కాకముందు మాత్రం రాయకు. హాల్లో ఒక బల్ల మీద పోస్టుకార్డులు, పెన్నులు పెట్టించు. వచ్చిన ప్రతి పిల్లా పిల్లాడూ ఊళ్లో ఉన్న తమవాళ్లకు ఒక కార్డు రాసి అక్కడే డబ్బాలో వేయాలి. వారం తర్వాత అవి ఎన్ని ఇళ్లకు చేరతాయో ఆలోచించు.

సవరించిన చిత్తు బుధవారంలోగా పంపు, అదే రోజు చూసి ఇస్తాను. టెన్షన్ పడకు, టైముంది. ఈ ఉత్తరంతో పాటు స్పీడ్ పోస్టులో ఐదు చిల్లికాణీలు పంపుతున్నాను. యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి మధ్యలో కన్నం పెట్టి 1943 నుంచి కొట్టినవి. వీటిని అద్దాల పెట్టెలో పెట్టొద్దు. పిల్లల చేతికివ్వండి, అటూ ఇటూ తిప్పి, ఆ కన్నంలోంచి చూడనివ్వండి. ఒకటి రెండు పోయినా పరవాలేదు.

ఇట్లు,
నీ మేలు కోరే,
మాస్టారు