తిన్న వెంటనే టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తోంది.. తిండి ఒంటికి పట్టడం లేదా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29. ఏడాదిగా తిన్న పావుగంటకే టాయిలెట్‌కి వెళ్లాల్సి వస్తోంది. బరువు తగ్గలేదు. కానీ తిన్నది తిన్నట్టే పోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ఆ భయం పెట్టుకోకండి. ఇప్పుడు తిన్నది పావుగంటలో బయటికి రాదు. మీకు విరేచనంలో పోతున్నది నిన్ననో మొన్ననో తిన్నదాని మిగులు. జీర్ణాశయంలో ఆహారం పడగానే, కదలమని పెద్దపేగుకు సంకేతం వెళుతుంది. ఇది అందరిలోనూ ఉండేదే. టెన్షన్ పడేవాళ్లలో కాస్త గట్టిగా పనిచేస్తుంది.

ఆ సమయానికి మీ భోజనం ఇంకా జీర్ణాశయంలోనే ఉంటుంది. అక్కడ ఆమ్లంలో నాని, చిలికినట్టయి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి దిగడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది. అసలు పని జరిగేది చిన్నపేగులోనే. జీర్ణాశయం వెనుక ఉండే పాంక్రియాస్ (క్లోమ గ్రంథి) నుంచి వచ్చే ఎంజైములు పిండిపదార్థాలను, ప్రొటీన్లను, కొవ్వులను విడగొడతాయి. కాలేయంలో తయారయ్యే పైత్యరసం కొవ్వును సన్నటి బిందువులుగా చేస్తుంది. సుమారు 6 మీటర్ల ఈ పేగు లోపలి గోడ మఖ్మల్ గుడ్డలా ఉంటుంది. మిల్లీమీటరుకు మించని ఆ నూగులో ప్రతి పోగులోనూ రక్తనాళాలు, శోషరసం (లింఫ్) అనే పలచటి ద్రవం పారే ఒక నాళం ఉంటాయి. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు రక్తంలో కలిసి నేరుగా కాలేయానికి వెళతాయి. కొవ్వులో ఎక్కువ భాగం మాత్రం శోషరసం దారిన చుట్టు తిరిగి రక్తంలో చేరుతుంది. పెద్దపేగుకు వచ్చేసరికి పోషకాలు దాదాపుగా ఒంటికి పట్టేసి ఉంటాయి. పీచును అరిగించే ఎంజైము మనిషికి లేదు కాబట్టి తొక్కలు, గింజలు అలాగే కనిపించినా కంగారు అక్కర్లేదు.

నిజంగా ఒంటికి పట్టకపోతే బరువు తగ్గుతారు, రక్తహీనత వస్తుంది. విరేచనం జిడ్డుగా, విపరీతమైన వాసనతో, నీళ్లు పోసినా వదలకుండా ఉంటుంది. ఇవి కనిపించినా, రక్తం పడినా, జ్వరం వచ్చినా, విరేచనం కోసం నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా ఆలస్యం చేయకుండా గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ను (జీర్ణవ్యవస్థ నిపుణుణ్ని) కలవండి.

అవేవీ లేకపోయినా, ఏడాదిగా ఉంది కాబట్టి ఒకసారి రక్తపరీక్ష, థైరాయిడ్, మలపరీక్ష చేయించుకోండి. అన్నీ నార్మల్‌గా ఉంటే, కడుపునొప్పి కూడా తరచూ వస్తుంటే ఐబీఎస్ (పరీక్షల్లో లోపమేమీ కనిపించకపోయినా పేగుల పనితీరు గతి తప్పే సమస్య) అయ్యే అవకాశం ఎక్కువ. ఒకేసారి కడుపు నిండా తినకుండా తక్కువ తక్కువగా తినండి. నూనె, కాఫీ తగ్గించండి. పాలు తాగిన రోజే ఎక్కువవుతోందా అన్నది గమనించండి. విరేచనాలు ఆగే మాత్రలు మాత్రం సొంతంగా రోజూ వేసుకోవద్దు. రెండు వారాల పాటు ఏం తిన్నారో, ఎప్పుడు వెళ్లారో రాసిపెట్టుకుని డాక్టర్‌కు చూపిస్తే కారణం పట్టుకోవడం తేలికవుతుంది.