పైపు కోసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ రిపీటర్‌కి, అంటే ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని అప్పటికప్పుడే ఇంకోదాంట్లో తిరిగి పంపే రేడియోకి, డూప్లెక్సర్ సొంతంగా చేస్తానని, అదీ చెప్పుల డబ్బాలో పట్టాలని రాశావు. ఒకే యాంటెన్నాతో ఒకేసారి పంపడానికీ వినడానికీ వీలిచ్చే ఫిల్టరే కదా అది. సరదా బాగుంది. అయితే ఏ బ్యాండ్‌కో, అంటే ఏ ఫ్రీక్వెన్సీల వరుసకో రాయలేదు, అసలు సంగతి అక్కడే ఉంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో పంపేదానికీ వినేదానికీ ఎడం 600 కిలోహెర్ట్‌జ్ మాత్రమే. ఒకదాన్ని పోనిచ్చి, పక్కనే ఉన్న రెండోదాన్ని సుమారు 80 డెసిబెల్స్ తొక్కిపెట్టాలి. అంటే పది కోట్లలో ఒక వంతుకి దించాలి. అందుకు క్యూ, అంటే ఒక్క ఫ్రీక్వెన్సీనే ఏరి పట్టే పదును, బాగా ఉండాలి. క్యూ కావాలంటే క్యావిటీ, అంటే ఆ ఫ్రీక్వెన్సీకి పలికే లోహపు గొట్టం, లావుగా ఉండాలి. 70 సెంటీమీటర్ల బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్‌జ్ ఎడం వాడే చోటైతే పని తేలిక. క్యావిటీ పొడవు సుమారు పావు తరంగం ఉండాలి, అక్కడ అది 17 సెంటీమీటర్లే. నా మాట వింటే మొదటిది అక్కడే చెయ్యి.

కాదు, రెండు మీటర్లే అంటావా? 145 మెగాహెర్ట్‌జ్‌కి పావు తరంగం 52 సెంటీమీటర్లు, డబ్బాలో పట్టదు. హెలికల్ రెజొనేటర్‌కి, అంటే లోపలి కడ్డీ బదులు తీగచుట్ట పెట్టి పొట్టి చేసిన క్యావిటీకి వెళ్లాలి. 4 అంగుళాల రాగి గొట్టం తీసుకుంటే లోపల మూడు చుట్లు, ఇంకాస్త. చుట్ట వ్యాసం గొట్టం వ్యాసంలో 55 శాతం, చుట్ట పొడవు దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉంచు. మొత్తం జానెడు ఎత్తులో అయిపోతుంది. క్యూ మాత్రం పెద్ద క్యావిటీకి వచ్చినంత రాదు, ఆ లోటు నష్టంగా, వేడిగా కనబడుతుంది. 1.5 డెసిబెల్స్ నష్టమంటే 25 వాట్లలో ఏడు వాట్లకు పైగా డబ్బాల్లోనే ఆవిరి. అందుకే తక్కువ పవర్‌తో సరిపెట్టుకో.

చాలామంది తిరగేసి కట్టేది ఒకటుంది. ట్రాన్స్‌మిటర్ వైపు క్యావిటీలు రిసీవ్ ఫ్రీక్వెన్సీని నొక్కాలి, ఎందుకంటే ట్రాన్స్‌మిటర్ రొద అక్కడిదాకా పరుచుకుని ఉంటుంది. రిసీవర్ వైపువి ట్రాన్స్‌మిట్ ఫ్రీక్వెన్సీని నొక్కాలి.

ఇక కేబుళ్లు. నా మొదటి డూప్లెక్సర్‌కి నెలరోజులు క్యావిటీలనే తిట్టుకున్నాను. విప్పడం, రుద్దడం, మళ్లీ బిగించడం. చివరికి చూస్తే దొంగ, మధ్యలో కలిపిన ఒంటి జడ కేబుల్, అంటే ఒకే పొర అల్లిక షీల్డ్ ఉన్నది! సిగ్నల్ దాని ఒంట్లోంచే కారిపోతోంది. రెండు పొరల షీల్డ్ ఉన్నదే వాడు. పాలిథిలీన్ కేబుల్‌లో పావు తరంగం 34 సెంటీమీటర్లు వస్తుంది కానీ కనెక్టర్లూ, లోపలి లూపులూ ఆ లెక్కలోవే, కాబట్టి అంతకన్నా పొట్టిగా కోయాలి. మూతలు స్క్రూలతో వదిలెయ్యకు, చుట్టూ టంకం పెట్టు. కరెంటు లోపలి గోడ పైపొరలో మైక్రాన్ల మందంలోనే పారుతుంది, అతుకు దగ్గర సందుంటే క్యూ చచ్చినట్టే.

ట్యూనింగ్‌కి నానో వీఎన్ఏ చాలు, ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పోతోందో చూపే ఆ చిన్న కొలత యంత్రం. కానీ ఒక్కో క్యావిటీని విడిగా పెట్టుకో. మొత్తం కలిపి కొలిస్తే 80 డెసిబెల్స్ లోతు దానికి కనిపించదు, తన రొదనే చూపిస్తుంది. అంతా కలిపాక డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ని మింగే రెసిస్టర్) మీద అరగంట ట్రాన్స్‌మిట్ చేసి వేడెక్కనిచ్చి, నాచ్, అంటే క్యావిటీ నొక్కే ఫ్రీక్వెన్సీ, పక్కకు జరిగిందేమో మళ్లీ చూడు. నాది జరిగింది.

తర్వాత అసలు పరీక్ష. లోడ్ దారిలోనే రిసీవర్‌కి వినీ వినిపించనంత సన్నని సిగ్నల్ ఇచ్చి ట్రాన్స్‌మిటర్ నొక్కు. బుస పెరిగిందా, ఇంకా పని మిగిలుంది. యాంటెన్నా జోలికి పోకుండా, ఏమైందో నాకు రాయి.

మీ పెదనాన్న